ఇంట్లో వేసుకున్న తలరంగు మరీ నల్లబడింది, తగ్గించుకోవడం ఎలా?

ప్రశ్న (అనంతపురం):

అందరికీ నమస్కారం. నా వయసు 46 సంవత్సరాలు. పాపిట దగ్గర, చెంపల మీద తెల్లవెంట్రుకలు ఎక్కువయ్యాయని నిన్న మధ్యాహ్నం ఇంట్లోనే తలకు రంగు వేసుకున్నాను. డబ్బా మీద 3 అనే అంకె, ముదురు గోధుమ రంగు అనే మాట ఉన్నాయి. 30 నిమిషాలు ఉంచాలని రాశారు గానీ, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మోటారు ఆడకపోవడంతో గంటకు పైగా అలాగే ఉండవలసి వచ్చింది. ఇప్పుడు జుట్టంతా బొగ్గులా ఉంది, కొసలైతే సిరాలో ముంచినట్టున్నాయి. ఎండలో నిలబడినా గోధుమ ఛాయ కనబడడం లేదు. పన్నెండు రోజుల్లో మా అన్న కూతురి పెళ్లి. 5వ నంబరు రంగు తెచ్చి దీని మీద వేస్తే తేలికపడుతుందా, లేక పార్లరులో బ్లీచ్ చేయించుకోవడమే మంచిదా?

జవాబు (కడప):

చెల్లెమ్మా, ముందుగా ఆ 5వ నంబరు డబ్బా కొనకండి. డబ్బాలోని రెండు మందులను కలిపి తలకు పట్టించినప్పుడు, రంగునిచ్చే చిన్న చిన్న అణువులు వెంట్రుక లోపలికి చేరి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల ఒకదానితో ఒకటి కలిసి, తిరిగి బయటికి రాలేనంత పెద్దవి అవుతాయి. లేత రంగు మళ్లీ వేసినంత మాత్రాన అవి కదలవు. పైగా అందులోని పెరాక్సైడ్ వల్ల కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన జుట్టు మాత్రమే కొంచెం ఎర్రబడి, మిగతాది నల్లగానే ఉండిపోయి, తల రెండు రంగులుగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా పార్లరు నడిపినదాన్ని కాబట్టి ఈ పొరపాటును సరిదిద్దమని వచ్చిన వారిని చాలామందిని చూశాను.

బ్లీచ్ సంగతి చెప్పే ముందు ఒక్క విషయం తెలియాలి. ఇంతకు ముందు మీరు గోరింటాకు పొడి గానీ, నల్ల హెన్నా ప్యాకెట్లు గానీ వాడారా?

ప్రశ్న అడిగినవారు:

వాడాను అక్కా. రెండేళ్లుగా నెలకొకసారి నల్ల హెన్నా ప్యాకెట్ కలిపి, పైనుంచి కొసల దాకా పట్టించేదాన్ని. అందులో ఏమేం కలిపారో ఎన్నడూ చదవలేదు.

జవాబు (కడప):

అయితే కొసలు అంత నల్లబడడానికి కారణం దొరికినట్టే. పాత పొరల మీద కొత్త రంగు చేరితే అది కుదుళ్ల దగ్గర కంటే కొసల్లో ఎప్పుడూ ముదురుగానే పడుతుంది. బ్లీచ్ వద్దని గట్టిగా చెప్పడానికి కూడా అదే కారణం. కొన్ని నల్ల పొడుల్లో లోహపు లవణాలు ఉంటాయి. అవి పెరాక్సైడుకు తగిలితే జుట్టు వేడెక్కి, చేతిలోకి తెగి వస్తుంది. నీలి ఆకు పొడి కలిసిన జుట్టును బ్లీచ్ చేస్తే పచ్చటి ఛాయ తేలుతుంది. పార్లరులో ఎవరైనా తప్పకుండా చేస్తామంటే, ముందు మీ దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను ఆ మందులో అరగంట ఉంచి చూపించమని అడగండి. నురగలు పొంగినా, వేడెక్కినా, వెంట్రుక సాగినా అక్కడితో ఆపించండి.

మీకు పనికొచ్చే దారి కడగడమే. రంగు పడిన మొదటి మూడు నాలుగు రోజుల్లో అది ఎంత దిగితే అంత దిగుతుంది, ఆ తర్వాత మొండికేస్తుంది. అందుకని ఈ రోజే మొదలుపెట్టండి. మెడికల్ షాపులో 500 మిల్లీగ్రాముల సీ విటమిన్ మాత్రలు పది తీసుకోండి. నమిలే నారింజ రంగు మాత్రల్లో పంచదార ఉంటుంది, జుట్టు బంక బంకగా అవుతుంది, కాబట్టి మామూలువి దొరికితే మంచిది. వాటిని మెత్తగా నూరి, మూడు చెంచాల చుండ్రు షాంపూలో కలిపి, తడిపిన జుట్టుకు కొసల నుంచి మొదలుపెట్టి పైకి పట్టించండి. ప్లాస్టిక్ టోపీ పెట్టుకొని 30 నిమిషాలు ఆగి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, కండీషనర్ రాయండి. మాడు మీద గీతలు గానీ పుండ్లు గానీ ఉంటే భగ్గున మండుతుంది, అవి మానే దాకా ఈ పని చేయకండి. మళ్లీ చేయాలంటే రెండు రోజులు ఆగి చేయండి, మొత్తం మూడుసార్లు చాలు. మధ్య రోజుల్లో రాత్రి కొబ్బరినూనె దండిగా రాసి, ఉదయం షాంపూతో కడగండి. నూనె జుట్టులోపలికి ఇంకి, ఇన్నిసార్లు కడిగినా అది బిరుసెక్కకుండా కాపాడుతుంది.

అనంతపురంలో బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ఆ నీళ్లలో షాంపూ నురగ రాదు, జుట్టు మీద తెల్లటి పొర పేరుకుంటుంది, రంగు ఇంకా మొద్దుగా కనిపిస్తుంది. కనీసం చివరి రెండు చెంబులైనా మంచినీళ్ల కుళాయి నీళ్లతో పోసుకోండి.

జవాబు (కర్నూలు):

మా ఇంట్లో నిమ్మరసంలో వంటసోడా కలిపి పట్టించి, ఎండలో కూర్చుంటే కొంత రంగు దిగింది. మీరు కూడా ప్రయత్నించవచ్చు.

జవాబు (కడప):

అన్నయ్యా, మీరు మంచి మనసుతోనే చెప్పారు గానీ ఆ పని ఎవరూ చేయకూడదని నా అభిప్రాయం. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే నుదుటి మీద, మెడ మీద కమిలి, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడతాయి. మన ఎండలకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. వంటసోడా క్షారం కాబట్టి వెంట్రుక పైపొలుసులు లేచి, జుట్టు పీచులా అవుతుంది. పెద్ద దుకాణాల్లో రంగు తీసే మందులని వేరుగా దొరుకుతాయి. అవి కుళ్లిన గుడ్ల వాసన వేసినా, డబ్బా రంగు మీద బాగానే పనిచేస్తాయి. అయితే చాలాసేపు నీళ్లు పోసి కడగకపోతే, విడిపోయిన రంగు గాలికి మళ్లీ కలిసి నల్లబడుతుంది. గోరింటాకు మీద, నీలి మీద అవి పనిచేయవు కాబట్టి ఈ చెల్లెలి కొసలకు వాటితో లాభం తక్కువ.

ప్రశ్న అడిగినవారు (ఏడో రోజున):

అక్కా, మీరు చెప్పినట్టు మూడుసార్లు కడిగాను. మొదటిసారి నీళ్లు కాఫీ డికాక్షన్ లాగా దిగాయి, మూడోసారికి దాదాపు తేటగా వచ్చాయి. చెంపల దగ్గర, నడినెత్తిన ఎండలో గోధుమ ఛాయ తెలుస్తోంది. కొసలు మాత్రం మారలేదు. పాపిటలో తెల్లగా కుదుళ్లు కనబడడం మొదలైంది, పెళ్లికి ముందు వాటికి మళ్లీ రంగు వేయవచ్చా?

జవాబు (కడప):

ఇక కడగడం ఆపండి, దిగవలసింది దిగింది. కొసలు పాత హెన్నా పొరల వల్ల నల్లగా ఉన్నాయి, అవి కత్తిరిస్తేనే పోతాయి. రెండంగుళాలు తీయించి, మిగతాది జడలో, పూలలో కలిసిపోనివ్వండి. జుట్టు నెలకు సెంటీమీటరుకు కొంచెం పైన పెరుగుతుంది. పెళ్లినాటికి పాపిటలో కనబడేది 5 మిల్లీమీటర్ల లోపే కాబట్టి, గోధుమ రంగు టచప్ పొడి గానీ స్టిక్కు గానీ అద్దుకుంటే సరిపోతుంది, తలస్నానంతో అది పోతుంది. అసలు రంగు మాత్రం పెళ్లయ్యాక, నెల తర్వాతే వేయండి. అప్పుడు 3కు బదులు 4వ నంబరు తీసుకోండి. 48 గంటల ముందు మోచేతి మడతలో చుక్క పెట్టి దురద, వాపు లేవని చూసుకోండి. తెల్లబడిన కుదుళ్లకు మాత్రమే రాసి, కొసలకు అసలు తాకనివ్వకండి. కలిపే ముందే రెండు బకెట్ల నీళ్లు పట్టి పక్కన పెట్టుకోండి.