పొద్దుగూకంగ తీసిన లోయ ఫొటోలు బొగ్గులెక్క వస్తున్నయి, ఏం చెయ్యాలె?

ప్రశ్న (కొల్లాపూర్ నుంచి):
అన్నలకు, అక్కలకు నమస్తే. పోయిన ఆదివారం సోమశిల పోయి, కృష్ణ ఒడ్డున పొద్దుగూకేదాక కూసొని 70 ఫొటోలు తీసిన. ఒక్కటి మంచిగ రాలే. ఆకాశం మంచిగొస్తే గుట్టలు బొగ్గు, గుట్టలు కనబడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగ. కండ్లతోటి చూసిన ఎరుపు ఎటు పోయిందో అర్థమైతలేదు. మా అక్క అమెరికాల ఫీనిక్స్‌ల ఉంటది. వచ్చే నెల అమ్మను తీస్కొని పోతున్న. గ్రాండ్ క్యానియన్ కాడ మాకు దొరికేది ఒక్క సాయంత్రమే. 18–55 లెన్స్, ట్రైపాడ్ ఉన్నయి. ఏం నేర్చుకొని పోవాలె?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
తమ్మీ, నువ్వు పెట్టిన ఫొటోలు చూసిన. అన్నిట్ల నడుమ సూర్యుడే ఉన్నడు. కెమెరాది తప్పు కాదు, నువ్వు చూసిన దిక్కుది. సూర్యుణ్ణి గాదు, ఆయన వెలుగు దేని మీద పడుతున్నదో దాన్ని తియ్యాలె. సూర్యుడు నీ ఎడమ భుజానికో కుడి భుజానికో ఉండేటట్టు నిలవడు. అప్పుడు బండ మీద ప్రతి పగులుకు ఒక దిక్కు వెలుగు, ఇంకో దిక్కు నీడ పడుతది. పూర్తిగ వీపు వెనక ఉంటే రంగు వస్తది గని, గుట్ట గోడకు అతికించిన కాగితం లెక్క కనబడుతది.

నేను నాలుగేండ్ల కింద గ్రాండ్ క్యానియన్ అంచున హోపీ పాయింట్ అనే చోట నిల్చున్న. అందరం పడమరకే చూస్కుంట ఉన్నం. వెనకకు తిరిగేసరికి తూర్పున గోపురాలసొంటి గుట్టల కొసల మీద గోరంత ఎరుపు మిగిలింది. ట్రైపాడ్ తిప్పేలోపట అదీ పోయింది. ఆ బాధ నీకు వద్దు.

ఆ లోయ 1,600 మీటర్లకంటె లోతు. పొద్దుగూకకముందే అడుగంత నీడల మునుగుతది. గంటన్నర ముందుగాలనే పోయి కూసో. నీడ మెల్లగ పైకి ఎక్కుతుంటది, సగం నీడ సగం వెలుగు ఉన్నప్పుడే అసలు ఫొటో. మార్చి నుంచి నవంబర్ దాక హోపీ పాయింట్ రోడ్డు మీదికి సొంత కార్లు రానియ్యరు, పార్కు బస్సుల్లనే పోవాలె. అమ్మ ఉంటది కాబట్టి చివరి బస్సు టైం ముందే చూస్కో. అక్కడి గుట్టలల్ల విష్ణు టెంపుల్, శివా టెంపుల్ అని పేర్లున్నయి, అమ్మకు చెప్పు, సంబురపడుతది.

సూర్యుడు దిగంగనే సంచి సర్దకు. మన కాడ నిటారుగ దిగుతడు, తొందరగ చీకటి పడుతది. అక్కడ ఏటవాలుగ దిగుతడు, సంజ వెలుగు ఇంకొంచెం ఎక్కువ సేపుంటది.

సెట్టింగులు: ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు ఎంత స్పందిస్తదో) 100, ఎఫ్ (లెన్స్ కన్ను ఎంత తెరుసుకుంటదో) 8 నుంచి 11, రా ఫార్మాట్ (కెమెరా పట్టిన వెలుగును కోత లేకుంట దాచే ఫైలు), 2 సెకండ్ల టైమర్. వైట్ బ్యాలెన్స్ (రంగుల వేడి–చల్లదనం సరిచేసేది) ఆటోల పెట్టకు. కెమెరా ఆ ఎరుపును తప్పనుకొని చల్లారబెడుతది. డేలైట్‌ల పెట్టు. ఒకే ఫ్రేముకు మూడు తియ్యి: ఒకటి మామూలుగ, ఒకటి 2 స్టాపులు తక్కువ, ఒకటి 2 స్టాపులు ఎక్కువ (ఒక్కో స్టాపు తగ్గిస్తే వెలుగు సగం, పెంచితే రెండింతలు). ఇంటికొచ్చి కలపొచ్చు. నీ బొగ్గు–సున్నం కష్టానికి మందు ఇదే.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, చాన థ్యాంక్స్. మొత్తం లోయ ఒక్క ఫొటోల ఎట్ల పట్టియ్యాలె?

జవాబు (నల్లగొండ నుంచి):
పట్టియ్యకు తమ్ముడూ. లెన్స్ 18ల పెడితే అంత వెడల్పుగ పట్టి దూరపు గుట్టలు చీమలయితయి. 55కు తిప్పి దగ్గరికి గుంజి, ఒకదాని వెనక ఒకటి కనబడే నాలుగు వరుసలు చాలు. వెనక వరుస లేత నీలం, ముందు వరుస ముదురు, అదే దూరం చూపిస్తది. 18 వాడాలనుకుంటే కాళ్ల కాడ ఏదన్న ఉండాలె. అక్కడ అంచున మెలితిరిగిన జునిపర్ మొద్దులుంటయి. సోమశిలల నేనైతే ఒడ్డున బోర్లేసిన పుట్టి కాడ మోకాళ్ల మీద కూసున్న. దాని వెదురు అల్లిక కంతల నుంచి సందెవెలుగు చుక్కలు చుక్కలుగ ఇసుక మీద పడ్డది. ఆ చుక్కలు ముందర, ఏరు వెనక. ఒక్క మాట, వ్యూఫైండర్ల చూస్కుంట వెనకకు అడుగెయ్యకు, అక్కడ అన్ని చోట్ల రెయిలింగ్ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
సరే అక్కా. ఎడిటింగ్‌ల రంగు ఎంత పెంచాలె?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
శాచురేషన్ (రంగు గాఢత) ముట్టకు. హైలైట్స్ (బాగ వెలుగున్న చోట్లు) తగ్గించు, షాడోస్ (నీడలు) కొద్దిగ లేపు. నీడలన్ని తెరిస్తే లోతే పోతది. అక్కడి రెడ్‌వాల్ సున్నపురాయి లోపల బూడిద రంగే. పై పొరల నుంచి వాన నీళ్లతోటి కారిన ఇనుప తుప్పు దాన్ని ఎర్రగ చేసింది. మన చెల్క నేల ఎరుపు కూడ ఇనుముదే. వాన పడ్డ తెల్లారి చెల్క ఎట్లుంటదో యాది చేస్కో. తెర మీద దానికంటె ఎర్రగ అయితే కుంకుమ చల్లినట్టుంటది, అక్కడ ఆగు.

ప్రశ్న అడిగినవారు:
ఇయ్యాల మళ్ల సోమశిల పోయొచ్చిన. సూర్యుణ్ణి పక్కకు పెట్టి గుట్టలు తీసిన. మూడు కలిపి ఒకటి చేసిన, కింద పెట్టిన, చూడుండ్రి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
బండ పగుళ్లు లెక్కపెట్టొచ్చు తమ్మీ! నీళ్ల గీత ఎడమకు వంగింది, సరిచెయ్యి. కుడి మూలకు నీ సంచి పట్టె కనబడుతున్నది, కోసెయ్యి. మిగతది ముట్టకు.