సరస్సు ఒడ్డున ఉచిత క్యాంపింగ్‌కు ఫీజు పెట్టాలా, వద్దా?

చెరువుగట్టు:
అమెరికాలో టెంటో ట్రైలరో వేసుకుని తిరిగేవాళ్ళకి ఒక ప్రశ్న. మేం తరచూ వెళ్ళే సరస్సు ఒకటి నేషనల్ ఫారెస్ట్ భూమిలో ఉంది. హైవే దిగి మట్టిరోడ్డు మీద చాలాసేపు పోవాలి. కరెంటు, కొళాయి, టాయిలెట్, చెత్తడబ్బా ఏవీ ఉండవు. నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి, చెత్త మనమే వెనక్కి తెచ్చుకోవాలి. ఆ మాత్రం కష్టానికి ఓర్చుకుంటే పైసా ఖర్చు లేకుండా 14 రోజుల దాకా ఉండొచ్చు. ఇప్పుడు దారి మొదట్లో నోటీసు పెట్టారు. ఒడ్డున నంబర్లు వేసిన చోట్లు మాత్రమే ఉంచి, టాయిలెట్ కట్టి, టేబుళ్ళు వేసి, రాత్రికింత అని ఫీజు తీసుకోవాలనుకుంటున్నారట. అభిప్రాయాలు పంపమన్నారు.

నేనైతే వద్దనే రాస్తాను. ఫీజు కట్టి ఉండే క్యాంప్‌గ్రౌండ్లు ఎన్నో ఉన్నాయి, వాటిలో మంచివాటి కోసం ఆరు నెలల ముందే కంప్యూటర్ ముందు కూర్చుని పోటీపడాలి. శుక్రవారం సాయంత్రం అనుకుని అప్పటికప్పుడు బయల్దేరగలిగేది ఇలాంటి చోట్లకే. మీరేమంటారు?

సరస్సు పేరు మాత్రం అడక్కండి.

సీతాకోక:
ఫీజు పెట్టాల్సిందే. టాయిలెట్ లేకపోవడమే అందం అనేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, గమనించారా? ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి తవ్వాలి, నీటికీ దారికీ టెంట్లకీ 200 అడుగుల దూరంలో ఉండాలి, తర్వాత పూడ్చాలి. చదవడానికి బాగానే ఉంటుంది. చీకట్లో ఐదేళ్ళ పిల్లని తీసుకుని, వేళ్ళూ రాళ్ళూ తప్ప మట్టి లేని గట్టు మీద తవ్వి చూడండి. అందుకే జనం తవ్వరు. లాంగ్ వీకెండ్ అయిన మర్నాడు అలాంటి చోటికి వెళ్తే ప్రతి పొద వెనకా తెల్లకాగితాలే. వానొస్తే అవన్నీ ఎక్కడికి పోతాయి? పిల్లలు ఈదే నీళ్ళలోకే కదా.

రాత్రికి పది, పదిహేను డాలర్లు మనకి లెక్కా? దారిలో కాఫీలకే అంతకన్నా ఎక్కువ తగలేస్తాం.

నాలుగుచక్రాలు:
సీతాకోక గారూ, మీ బాధ న్యాయమే. కానీ ఫీజు సంగతి మీరనుకున్నంత సూటిగా లేదు. ఫారెస్ట్ సర్వీస్, బీఎల్‌ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, ఫెడరల్ భూములు చూసే సంస్థ) వాళ్ళు ఫీజులు తీసుకునేది 2004లో వచ్చిన ఫెడరల్ ల్యాండ్స్ రిక్రియేషన్ ఎన్‌హాన్స్‌మెంట్ యాక్ట్ కింద. కనీస సదుపాయాలు లేని చోట క్యాంపింగ్ చేసినందుకు ఫీజు తీసుకోకూడదని ఆ చట్టంలోనే ఉంది. క్యాంప్‌గ్రౌండ్‌కు ఫీజు పెట్టాలంటే తొమ్మిది సదుపాయాల జాబితాలో సగానికి పైగా ఉండాలి: టెంటు లేదా ట్రైలర్ పెట్టే చోటు, టేబుల్, తాగునీరు, రోడ్డు, చెత్తడబ్బా, టాయిలెట్, ఫైర్ రింగ్, సందర్శకులకి తగిన రక్షణ. తొమ్మిదోది ఏంటో తెలుసా? ఫీజు వసూలు చేయడానికి మనిషి ఉండటం. అదీ సదుపాయమేనట!

అంటే చెరువుగట్టు గారి సరస్సుకి ఉన్నపళంగా ఫీజు పెట్టలేరు. ముందు దాన్ని వేరే రకం చోటుగా మార్చాలి, తర్వాత ఫీజు. ఒకసారి అలా మారితే ఇక వెనక్కి పోదు. టేబుల్ వేశాక గ్రావెల్ ప్యాడ్ కావాలంటారు, ఆ తర్వాత ట్రైలర్‌కి తగిలించుకునే కరెంటు హుకప్ అంటారు. నేను ట్రైలర్ మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకుని, నీళ్ళ ట్యాంకు నింపుకుని బూన్‌డాకింగ్ (సదుపాయాలేవీ లేని చోట సొంత ఏర్పాట్లతో ఉండటం) చేసేది ఏ హుకప్పూ లేని చోట్లు ఉన్నాయనే. అవి కూడా పోతే ఇంత సరంజామా కొనడం దేనికి?

సీతాకోక:
మీ సోలార్ ప్యానెళ్ళ కోసం మా పిల్లలు కాగితాల మధ్య నడవాలా అన్నా? పైగా ఆ చట్టంలో మీరు చెప్పని ముక్క ఇంకోటుంది. వసూలైన దానిలో కనీసం 80 శాతం వసూలైన చోటే ఖర్చుపెట్టడానికి ఉంటుంది. వాషింగ్టన్ ఖజానాలో కలిసిపోదు. మనం కట్టింది మనం వాడే టాయిలెట్ కడగడానికే పోతుంది.

ఊరికథ:
నేను ఇలాంటి సరస్సులున్న ఒక చిన్న కౌంటీలోనే ఉంటున్నాను, ఇక్కడి హాస్పిటల్‌లో పని. ఇద్దరూ క్యాంపింగ్‌కి వచ్చేవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఊరి వైపు నుంచి కొంచెం చూడండి.

ఆ 80 శాతం ఫారెస్ట్ వాళ్ళకి వెళ్తుంది, కౌంటీకి కాదు. ఫెడరల్ భూమి మీద కౌంటీ ఆస్తిపన్ను వేయలేదు. దానికి బదులుగా 1976 చట్టం ప్రకారం పిల్ట్ అని కొంత సొమ్ము వస్తుంది. మాలాంటి చోట సగానికి పైగా భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే. అర్ధరాత్రి ఎవరికో గుండెనొప్పి వస్తే మట్టిరోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్ మాది. ట్రైలర్ ఇసుకలో కూరుకుపోతే, తప్పతాగి గొడవపడితే వెళ్ళే షెరీఫ్ డిప్యూటీ మా కౌంటీ జీతగాడు. మంట అంటుకుంటే ముందు పరిగెత్తేది జీతం లేని వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్. 2013లో కాలిఫోర్నియాలో రిమ్ ఫైర్ మొదలైంది, ఆంక్షలున్నా లెక్కచేయకుండా ఒకరు వేసుకున్న క్యాంప్‌ఫైర్ వల్లే. 2.57 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 'చెత్త మోసుకొచ్చేస్తాం' అనేవాళ్ళు దాన్ని ఎక్కడ పడేస్తారో కూడా చెప్తాను: మా ఊళ్ళో గ్యాస్ స్టేషన్ డబ్బాలో. సోమవారం పొద్దున వెళ్తే డబ్బా చుట్టూ సంచుల గుట్ట. ఎత్తించే ఖర్చు ఆ ఓనరుదే.

అలాగని ఫీజు పెట్టమనను. ఇక్కడి ముసలాళ్ళు తాతల కాలం నుంచి ఆ ఒడ్డున చేపలు పడుతున్నారు. పది డాలర్లు లెక్కా అని మీరు తేలిగ్గా అనేశారు గానీ, నెలాఖరున మందుల బిల్లు చూసి గొణుక్కునేవాళ్ళని నేను రోజూ చూస్తుంటాను.

బ్లాక్‌ట్యాంక్_బాధితుడు:
ఫీజు, ఉచితం అని కొట్టుకుంటున్నారు గానీ సరస్సుకి కావలసింది దూరం. నీళ్ళ నాణ్యత చూసే ఉద్యోగం కాబట్టి నా గోల వేరు.

200 అడుగుల నియమం ఊరికే పెట్టింది కాదు. గట్టు మీదున్న గడ్డి, తుప్పలు, పొడి మట్టి జల్లెడలా పనిచేస్తాయి. గిన్నెలు కడిగిన నీళ్ళు, సబ్బు, మలం దాని గుండా నెమ్మదిగా ఇంకితే చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ట్రైలర్ ముక్కు నీళ్ళకి ఆనేలా పెట్టుకుంటే ముందు ఆ జల్లెడే చస్తుంది. చక్రాల కింద నేల గట్టిపడుతుంది, గడ్డి మొలవదు, వాన పడితే మట్టితో సహా అంతా నీళ్ళలోకే. దానితో ఫాస్ఫరస్ చేరుతుంది. ఎండాకాలంలో, నీళ్ళు కదలని చిన్న సరస్సులో, అది నీలాకుపచ్చ నాచుకి పండగ. కొన్నిసార్లు ఆ నాచు విషం పుట్టిస్తుంది, అలాంటి నీళ్ళు తాగి కుక్కలు చచ్చిపోతాయి. గ్రే వాటర్‌ని, అంటే ట్రైలర్ సింకు, షవర్ నుంచి ట్యాంకులో చేరే నీళ్ళని, 'సబ్బునీళ్ళే కదా' అని వాల్వు తిప్పేసేవాళ్ళని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. బయోడిగ్రేడబుల్ అని రాసున్న సబ్బు కూడా మట్టిలో కుళ్ళడానికే, సరస్సులో కలపడానికి కాదు.

కాబట్టి నా సలహా చవకైనది: బండరాళ్ళు. ఒడ్డుకి 200 అడుగుల ఇవతల వరసగా పెద్ద రాళ్ళు పెట్టండి, ఏ బండీ దాటలేనట్టు. ఉచితంగా ఉండండి, నీళ్ళ దాకా నడవండి.

నాలుగుచక్రాలు:
రాళ్ళకి నా ఓటు. బండి దిగి నాలుగడుగులు వేస్తే ఎవరికీ అరిగిపోదు.

సీతాకోక:
రాళ్ళు మలాన్ని ఆపవు. ఎంతమంది వస్తున్నారన్నదే అసలు ప్రశ్న. చెరువుగట్టు గారు పేరు చెప్పకపోయినా ఆ చోటు ఏదో యాప్‌లో ఫొటోలతో సహా ఉండే ఉంటుంది.

చెరువుగట్టు:
ఉంది. అందుకే ఇక్కడ మళ్ళీ చెప్పనంటున్నాను. 2018లో వయోమింగ్‌లోని జాక్సన్ హోల్ టూరిజం బోర్డే ఫొటోలకి కచ్చితమైన లొకేషన్ ట్యాగ్ చేయొద్దని ప్రచారం మొదలుపెట్టింది. జనాన్ని రమ్మని పిలవడమే పనిగా ఉన్న సంస్థ అది! అక్కడి గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కులోని డెల్టా లేక్‌కి ఫొటోలు చూసి జనం ఎగబడటం చూశాకే ఆ పని చేశారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క పిన్ పడితే చాలు, మెమోరియల్ డేకి ఎనిమిది కుటుంబాలు, రెండు జెనరేటర్లు, బ్లూటూత్ స్పీకరు దిగిపోతాయి. చుట్టూ ఉన్నవాళ్ళు మననే చూస్తారు, తర్వాత మన పేరే చెప్తారు.

మట్టిరోడ్డు:
కొత్తగా చేరాను, ఈ ఒక్క విషయం మీద మాట్లాడాలి. లొకేషన్ చెప్పకూడదు అనడం వినడానికి పెద్దమనిషి తరహాలో ఉంటుంది. ఊరికథ గారి ఊళ్ళో వాళ్ళకి తాత చెప్పాడు. నాకు ఏ తాత చెప్తాడు? మా తాతకి ఈ దేశమే తెలియదు. ఇక్కడ పుట్టని వాళ్ళకి యాప్ ఒక్కటే తాత. అది తెలియనివ్వకపోతే ప్రభుత్వ భూమి కాస్తా తెలిసినవాళ్ళ సొంత తోటలా తయారవుతుంది.

పైగా ఇందులో రహస్యం ఏముంది? ఏ రోడ్డు మీద బండి నడపొచ్చో ప్రతి నేషనల్ ఫారెస్ట్ మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ వేస్తుంది, ఉచితంగా ఇస్తుంది. ఏ రోడ్డు పక్కన బండితో దిగి క్యాంపు వేసుకోవచ్చో కూడా చాలావాటిలో చుక్కలతో చూపిస్తారు. ముందు అది చదవడం నేర్పండి. పిన్ కంటే మ్యాప్ పంచితే, కనీసం చదివే ఓపిక ఉన్నవాళ్ళు వస్తారు.

ఊరికథ:
తాత మాట ఒప్పుకుంటాను. అయితే మ్యాప్ చదివొచ్చినా, పిన్ చూసొచ్చినా మలం మలమే.

మోడరేటర్:
భాష కాస్త చూసుకోండి. చర్చ బాగుంది కాబట్టి వదిలేస్తున్నాను.

సీతాకోక:
ఫీజు అనగానే దోపిడీ అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఒక ఉదాహరణ. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారిలో బీఎల్‌ఎం వాళ్ళ లాంగ్ టర్మ్ విజిటర్ ఏరియాలు 1983 నుంచి నడుస్తున్నాయి. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, ఏడు నెలలకి కలిపి ఒకే పర్మిట్‌తో ఎంతోమంది ఉంటున్నారు, చాలా ఏళ్ళు దాని ధర 180 డాలర్లే. క్వార్ట్‌జ్‌సైట్ పక్కన లా పోసాలో నీళ్ళు, డంప్ స్టేషన్ (ట్రైలర్ మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోటు), చెత్త పడేసే చోటు ఉన్నాయి. బూన్‌డాకింగ్ అక్కడేం చచ్చిపోలేదు, సోలార్ పెట్టుకున్నవాళ్ళు హాయిగానే ఉన్నారు.

బ్లాక్‌ట్యాంక్_బాధితుడు:
అది ఎడారి, అక్కా. వేలమందిని పరిచినా కలుషితం కావడానికి పక్కన సరస్సు లేదు. చిన్న సరస్సు చుట్టూ అదే పద్ధతి పెడితే ఫీజు కట్టాం కదా అన్న ధైర్యంతో ఇంకా ఎక్కువమంది వస్తారు.

నాలుగుచక్రాలు:
ఇంకో సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఉచిత చోట్లలో ఉండేవాళ్ళందరూ సరదాకి వచ్చినవాళ్ళు కాదు. అద్దె కట్టలేక వ్యాన్లలో, పాత ట్రైలర్లలో బతుకుతున్నవాళ్ళున్నారు. 14 రోజులు కాగానే ఇంకో చోటికి, మళ్ళీ ఇంకో చోటికి. 2025 మేలో ఒరెగాన్‌లో బెండ్ దగ్గర డెషూట్స్ నేషనల్ ఫారెస్ట్‌లో చాలాకాలంగా ఉంటున్నవాళ్ళని ఖాళీ చేయించి ఆ ప్రాంతం మూసేశారు. అడవిని పలచన చేసి మంటల ముప్పు తగ్గించే పని కోసమని కారణం చెప్పారు. కారణం నిజమే కావొచ్చు. వాళ్ళు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. రాత్రికి పదిహేను డాలర్లంటే వీకెండ్‌కి ముప్పై. అదే బతుకైతే నెలకి 450.

సీతాకోక:
ఇళ్ళు లేకపోవడం ప్రభుత్వం తీర్చాల్సిన సమస్య. దాని భారం ఒక సరస్సు మీద వేయడం న్యాయం కాదు. ఈ మాటకి నన్ను తిట్టినా పర్లేదు.

ఊరికథ:
తిట్టను. అలాంటివాళ్ళు మా ఎమర్జెన్సీకి వస్తారు, చలికాలంలో టెంటులో ప్రొపేన్ హీటరు వాడి కార్బన్ మోనాక్సైడ్ పట్టేసినవాళ్ళతో సహా. వాళ్ళని ఆ ఒడ్డున వదిలేయడం దయ అని నాకెప్పుడూ అనిపించలేదు. ఫీజు పెట్టి తరిమేయడం కూడా జవాబు కాదు.

చెరువుగట్టు:
ఇక్కడి మాటలన్నీ చదివాక నా అభిప్రాయం ఇలా రాయబోతున్నాను. ఒడ్డు నుంచి 200 అడుగుల ఇవతల రాళ్ళు పెట్టాలి. ఎన్ని బండ్లు పడతాయో లెక్కవేసి అన్ని చోట్లకే నంబర్లు వేయాలి, ముందు వచ్చినవాళ్ళకి ముందు. రిజర్వేషన్ వద్దు. ఒక వాల్ట్ టాయిలెట్ (ఫ్లష్ లేకుండా కింద ట్యాంకు ఉండేది) ఉండాలి, అక్కడ సీతాకోక గారిదే గెలుపు. టేబుళ్ళూ చెత్తడబ్బాలూ వద్దు, ఫీజు వద్దు. కొత్త ఫీజు పెట్టాలంటే ఆరు నెలల ముందు ఫెడరల్ రిజిస్టర్‌లో (ప్రభుత్వ గెజిట్ లాంటిది) నోటీసు ఇవ్వాలి కాబట్టి ఇంకా టైముంది. వచ్చేవాళ్ళం మాత్రమే కాకుండా ఊరివాళ్ళు కూడా రాస్తే బరువుంటుంది. ఊరికథ గారూ, మీ సరస్సు వేరైనా, మీరూ రాస్తారా?

ఊరికథ:
రాళ్ళకీ నంబర్లకీ మద్దతు రాస్తాను. టాయిలెట్ దగ్గరే నాకు లెక్క కుదరట్లేదు. అది కట్టడానికే పదుల వేల డాలర్లు. ఆ తర్వాత ట్యాంకు తోడే లారీ ఆ మట్టిరోడ్డు మీద అంత దూరం రావాలి, నిండిన ప్రతిసారీ. ఫీజు వద్దన్నారు, కౌంటీ దగ్గర డబ్బు లేదు. ఆ లారీకి ఎవరు కడతారో కూడా మీ లేఖలో రాయండి, అప్పుడు సంతకం పెడతాను.