ట్యాంపింగ్ చేసిన కొన్ని నెలలకే అదే చోట మళ్లీ కుంగుతున్న ట్రాక్: అసలు కారణం తేల్చేదెలా?

పట్టాలలెక్క:
కంకర ట్రాక్, కాంక్రీట్ స్లీపర్లు (పట్టాల కింది అడ్డ దిమ్మలు), పొడవాటి వెల్డెడ్ పట్టాలు. ట్యాంపింగ్ (ట్రాక్‌ని ఎత్తి, స్లీపర్ల కింద కంకరని యంత్రంతో కుదించడం) అయిన వెంటనే, ట్రాక్‌ని కొలిచే రికార్డింగ్ కారు తిరిగితే లెవెల్ (పట్టాల ఎత్తు) బాగానే వస్తోంది. రెండు మూడు నెలలు గడిచేసరికి అవే చోట్ల, దాదాపు అంతే లోతున మళ్లీ కుంగు. విచిత్రం ఏమిటంటే 200 మీటర్ల సెక్షన్‌కి లెక్కకట్టే ప్రామాణిక విచలనం (రీడింగ్‌లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) పరిమితి దాటట్లేదు, అందుకే ప్రాధాన్య జాబితాలో ఈ చోట్లు పైకి రావడం లేదు. డేటా 0.25 మీటర్లకో రీడింగ్ చొప్పున, చాలా పరుగులది ఉంది. తవ్వి చూడటానికీ డీప్ స్క్రీనింగ్‌కీ (కంకర తీసి, జల్లెడ పట్టి మళ్లీ వేయడం) లైన్ బ్లాక్ (రైళ్లు ఆపి ఇచ్చే సమయం) కావాలి. అంతకంటే ముందు ఉన్న డేటాతో కారణం ఎంతవరకు తేలుతుంది?

వక్రరేఖ:
చాలావరకు తేలుతుంది. ముందు ఆ 200 మీటర్ల సంగతి చూద్దాం. మంచి ట్రాక్‌లో విచలనం 1.5 మి.మీ. ఉందనుకోండి. అందులో 4 మీటర్ల పొడవున 12 మి.మీ. లోతు గుంట ఒకటి పడితే 200 మీటర్ల విచలనం సుమారు 1.9కి చేరుతుంది, అంతే. అదే 20 మీటర్ల కదిలే విండో తీసుకుంటే 4 దగ్గరికి పోతుంది. విడి గుంటలు వెతకడానికి 200 మీటర్ల విచలనం పనికిరాదు. అది మొత్తం లైన్‌కి బడ్జెట్ వేసుకోవడానికి వాడే అంకె. రెండు విండోలూ పక్కపక్కన పెట్టి చూడండి.

తర్వాత అసలు చిక్కు: పరుగుల్ని ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం. ఓడోమీటర్ జారుడు వల్ల రెండు పరుగుల మధ్య కొన్ని మీటర్ల తేడా మామూలే. 4 మీటర్ల గుంటకి 2 మీటర్లు పక్కకి జరిగినా మీరు గీసే క్షీణత రేఖ అబద్ధం చెబుతుంది. క్రాస్ కోరిలేషన్‌తో (రెండు సిగ్నళ్లు బాగా కలిసేదాకా ఒకదాన్ని జరిపి చూడటం) సరిచేయాలి, కానీ లెవెల్ సిగ్నల్‌తో చేయకండి. ట్యాంపింగ్ మార్చేది లెవెల్‌నే కాబట్టి ముందు పరుగుకీ తర్వాత పరుగుకీ అది కలవదు. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) సిగ్నల్ వాడండి, ట్యాంపింగ్ దాన్ని పెద్దగా తాకదు. వంపు ఉన్నచోట కర్వేచర్ కూడా బాగా పట్టిస్తుంది. 100 నుంచి 200 మీటర్ల ముక్కలుగా విడదీసి ముక్కముక్కకీ విడిగా సరిచేయాలి. కిలోమీటర్ మొత్తానికి ఒకే జరుపు ఇస్తే మధ్యలో జారుడు అలాగే మిగిలిపోతుంది.

మీ కారు కార్డ్ కొలత (పట్టా మీది రెండు బిందువుల్ని కలిపే సరళరేఖ నుంచి పట్టా ఎంత దూరంలో ఉందో) ఇస్తోందా, నిజమైన ప్రొఫైల్ ఇస్తోందా అన్నది కూడా చూసుకోండి. 10 మీటర్ల సమాన కార్డ్ మధ్య ఆఫ్‌సెట్ అయితే 10 మీటర్ల తరంగదైర్ఘ్యం రెట్టింపై కనబడుతుంది, 5 మీటర్లది పూర్తిగా మాయమవుతుంది. అసమాన కార్డ్‌లు వచ్చింది ఈ గుడ్డి మచ్చలు తప్పించడానికే. ప్రొఫైల్ ఉంటే 3 నుంచి 25 మీటర్ల బ్యాండ్ తీసుకోండి.

ఇవన్నీ అయ్యాక గుంట లోతుని కాలంతో కాక గడిచిన టన్నేజీతో గీయండి. ఆరోగ్యంగా ఉన్న కంకర ట్యాంపింగ్ తర్వాత లోడ్ సైకిళ్ల (ఇరుసు ఒకసారి దాటితే ఒక సైకిల్) లాగరిథమ్‌తో కుంగుతుంది: లక్ష నుంచి పది లక్షల సైకిళ్లకి ఎంత దిగితే, పది లక్షల నుంచి కోటికీ సుమారు అంతే. 1985లో షెంటన్ ఇచ్చిన సూత్రంలో సైకిళ్ల 0.2 ఘాతం పదం ఒకటి, దానికి తోడు సరళ రేఖ పదం ఇంకొకటి ఉంటాయి. మీ రేఖ వంగకుండా తిన్నగా దిగుతూ పోతుంటే ఆ రెండో పదమే పెత్తనం చేస్తోందని అర్థం, అప్పుడు కంకర కంటే కింది నేలని అనుమానించాలి. త్వరగా పాత లోతుకి దిగి అక్కడే ఆగితే కంకర పాత రూపానికి తిరిగి వస్తోంది. వానల తర్వాత మెట్టులా దిగితే నీరు. పోనుపోను వేగం పెరుగుతుంటే కింద ఖాళీ ఏర్పడి దెబ్బ పడుతోంది.

కంకరగంప:
వక్రరేఖ గారు చెప్పిన ఆకృతులు బాగానే దారి చూపుతాయి, కానీ నేల మీదా కంకర మీదా తీర్పు చెప్పేముందు ఒక చిన్న గొయ్యి తీయక తప్పదు. స్లీపర్ చివర, షోల్డర్‌లో (స్లీపర్ కొసకి బయట ఉండే కంకర), స్లీపర్ అడుగు నుంచి 300 మి.మీ. కిందికి వెళ్లేలా తీయండి. కుంగిన చోట ఒకటి, 30 మీటర్ల దూరంలో బాగున్న చోట ఇంకొకటి. పోలిక లేకపోతే ఆ గొయ్యి వల్ల ఉపయోగం సగమే.

బురద ఎక్కడ ఉందో చూడండి. స్లీపర్ అడుగునే బూడిదరంగు పేస్ట్ ఉండి, దాని కింద కంకర శుభ్రంగా ఉంటే అది రాయి, కాంక్రీట్ రాసుకుని పుట్టింది. స్లీపర్ ఖాళీగా వేలాడుతూ నీటిలో కొట్టుకుంటోందన్నమాట. బంకమట్టి కింది నుంచి పైకి ఎక్కుతూ, అడుగున ఎక్కువ, పైన తక్కువ ఉంటే ఫార్మేషన్ పంపింగ్ (రైళ్ల ఒత్తిడికి కింది నేల మట్టి కంకరలోకి ఎక్కడం). రెండోదానికి కంకర జల్లెడ పట్టి వేసినా, మధ్యలో వడపోత పొర లేకపోతే మట్టి మళ్లీ పైకి వస్తుంది.

శాంపిల్‌ని జల్లెడ పట్టి సెలిగ్ ఫౌలింగ్ ఇండెక్స్ లెక్కకట్టండి: 4.75 మి.మీ. జల్లెడ దాటిన శాతం, 0.075 మి.మీ. జల్లెడ దాటిన శాతం, ఈ రెండిటి మొత్తం. 1 కంటే తక్కువైతే శుభ్రం, 10 వరకు ఓ మోస్తరు శుభ్రం, 10 నుంచి 20 ఓ మోస్తరు మలినం, 20 దాటితే మలినం, 40 దాటితే బాగా మలినం. ఇందులో 0.075 దాటిన పొడి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, అది కావాలని చేసిందే. సన్నపొడే నీటిని ఆపి రాళ్ల మధ్య జారుడు పెంచుతుంది. ఉత్తర అమెరికా లైన్లపై సెలిగ్ బృందం పరిశీలనలో ఈ మలినంలో 76 శాతం కంకర తనంతట తాను విరగడం వల్లే వచ్చింది. బొగ్గు, ఖనిజం ఒలికే లైన్లలో ఈ వాటా వేరుగా ఉంటుంది, కాబట్టి ఆ అంకెని మీ లైన్‌కి అంటగట్టకండి.

నేలచొచ్చే రాడార్ ఉంటే గోతుల సంఖ్య తగ్గించుకోవచ్చు. 2 గిగాహెర్ట్జ్ యాంటెన్నా కంకరలో రాడార్ తరంగాలు ఎలా చెదురుతున్నాయో చూపుతుంది, 400 మెగాహెర్ట్జ్ లోతైన పొరల్నీ తేమనీ చూపుతుంది. గొయ్యితో సరిచూడని రాడార్ బొమ్మ మీద మాత్రం డీప్ స్క్రీనింగ్ ఖర్చు పెట్టొద్దు.

సూటిఅంచు:
ఒక మాట. ఆ గుంటలు వెల్డ్‌ల మీద ఉన్నాయేమో చూశారా? గొయ్యి తీసే ముందు 1 మీటర్ స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పట్టుకుని నడవండి. వెల్డ్ మధ్యలో 1 మి.మీ. దిగితే అటూఇటూ 2 మిల్లీరేడియన్లు, మొత్తం 4 మిల్లీరేడియన్ల కోణం. గంటకి 100 కి.మీ. వేగంలో చక్రం నిలువు వేగం ఒక్కసారిగా సెకనుకి 0.11 మీటర్లు మారాలి. ఆ దెబ్బలో రెండు భాగాలుంటాయి, 1974లో జెంకిన్స్, సహచరులు వీటికి పీ1, పీ2 అని పేర్లు పెట్టారు. పీ1 పట్టానీ స్లీపర్‌నీ దెబ్బతీస్తుంది. కొన్ని పదుల హెర్ట్జ్‌లో వచ్చే పీ2 నేరుగా కంకరలోకి దిగుతుంది. పట్టానే వంగి ఉంటే కింద ఎన్నిసార్లు ప్యాక్ చేసినా వృథా. వెల్డ్‌ని స్ట్రెయిటెన్ చేయాలి, గ్రైండ్ చేయాలి, లేదా కోసి మార్చాలి. ఆ తర్వాతే ట్యాంపింగ్.

పట్టాలలెక్క:
వెల్డ్‌లు చూస్తే ఒక చోటే కలిసింది. మిగతావి వెల్డ్‌కి దూరంగా ఉన్నాయి, రేఖ కూడా పాత లోతుకి దిగి ఆగే రకమే. స్లీపర్ కింద ఖాళీ ఉందో లేదో రైలు నడుస్తుండగానే కొలిచే పద్ధతి ఏదైనా ఉందా? ట్యాంపింగ్‌లో ఏం మార్చాలి?

వక్రరేఖ:
జియోఫోన్లు (కంపన వేగాన్ని కొలిచే సెన్సర్లు) పెట్టండి. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి. 4.5 హెర్ట్జ్ జియోఫోన్‌ని స్లీపర్ చివర గట్టిగా బిగించి, సెకనుకి 500 శాంపిల్స్ తీసి, వేగాన్ని ఇంటిగ్రేట్ చేస్తే కదలిక వస్తుంది. వరసగా ఆరేడు స్లీపర్ల మీద పెట్టాలి, చివరిది బాగున్న చోట పడాలి. ఒక జాగ్రత్త: 23 మీటర్ల కోచ్ గంటకి 100 కి.మీ.లో వెళితే ప్రధాన ఫ్రీక్వెన్సీ 1.2 హెర్ట్జ్, అంటే జియోఫోన్ సహజ ఫ్రీక్వెన్సీ కంటే కింద. సెన్సర్ స్పందనని సరిచేశాకే ఇంటిగ్రేట్ చేయండి. సిగ్నల్ వడపోత వల్ల సున్నా రేఖ పోతుంది కనుక శిఖరం నుంచి లోయ వరకు ఉన్న కదలికనే పోల్చండి. 40 కి.మీ. కంటే నెమ్మది రైళ్లకి ఇది నమ్మదగ్గది కాదు, వాటికి వీడియోతో టార్గెట్ కొలవడం మేలు.

ఇంకో సులువు దారి: లోడ్ లేకుండా లెవెల్ పరికరంతో పట్టా ఎత్తు తీసి, రికార్డింగ్ కారు లోడ్ కింద తీసిన ప్రొఫైల్‌తో పోల్చండి. ఇరుగుపొరుగు స్లీపర్ల కంటే ఎక్కువ తేడా ఉన్నచోట కింద ఖాళీ ఉంది.

కంకరగంప:
పాత లోతుకి తిరిగి రావడానికి కారణం తక్కువ లిఫ్ట్ (ట్యాంపింగ్‌లో ట్రాక్‌ని ఎత్తే ఎత్తు). 10, 15 మి.మీ. ఎత్తితే పాత అమరిక చెదరదు, పైన వదులుగా చేరిన రాళ్లు రైళ్ల కింద సర్దుకోగానే స్లీపర్ పాత పరుపు మీదికి దిగిపోతుంది. సెలిగ్, వాటర్స్ చెప్పినట్టు లిఫ్ట్ కంకర సగటు పరిమాణం కంటే, అంటే 20 నుంచి 65 మి.మీ. గ్రేడ్‌లో సుమారు 35, 40 మి.మీ. కంటే, ఎక్కువుంటేనే రాళ్లు కొత్తగా అమరుతాయి. అంత లిఫ్ట్‌కి ముందే కంకర దింపి ఉంచుకోవాలి, రెండుసార్లు టైన్లు (కంకరలోకి దిగే యంత్రపు పళ్లు) దించాలి. వెల్డెడ్ పట్టాల్లో ఎండ ఎక్కువున్న వేళ చేయకూడదు, ట్యాంపింగ్ పక్కవాటు నిరోధాన్ని (ట్రాక్ పక్కకి జరగకుండా కంకర ఆపే బలం) బాగా తగ్గిస్తుంది. వెంటనే డైనమిక్ స్టెబిలైజర్ (ట్రాక్‌ని కంపింపజేసి కంకరని సర్దే యంత్రం) నడిపితే కొంత తిరిగి వస్తుంది.

టైన్ బ్లేడ్ పైఅంచు స్లీపర్ అడుగు కంటే 15 నుంచి 20 మి.మీ. కింద ఉందా, 35 హెర్ట్జ్ కంపనం నిలుస్తోందా, స్క్వీజ్ సమయం (టైన్లు కంకరని నొక్కే సేపు) 0.8 నుంచి 1.2 సెకన్లు ఉందా, ఈ మూడూ బ్లాక్ మొదట్లోనే సరిచూడండి. అరిగిన బ్లేడ్‌తో ఈ సెట్టింగ్‌లన్నీ కాగితం మీదే మిగులుతాయి.

గుంటలు చిన్నవై, కంకర ఇంకా బాగుంటే స్టోన్ బ్లోయింగ్ ఆలోచించండి. యంత్రం స్లీపర్‌ని ఎత్తి 20 మి.మీ. రాళ్లని గాలితో కిందికి ఊదుతుంది, గట్టిపడ్డ పాత పరుపుని కదపదు. కానీ పేస్ట్ బురద ఉన్నచోట ఆ రాళ్లు మునిగిపోతాయి. ఒకసారి ఊదాక మళ్లీ ట్యాంపింగ్‌కి పోతే సన్నరాయి మొత్తం కంకరలో కలిసిపోతుంది, కాబట్టి ఏ దారి ఎంచుకుంటారో ముందే నిర్ణయించుకోండి. వెల్డ్ దగ్గరున్న ఆ ఒక్క చోటుని ఈ జాబితా నుంచి తీసి, సూటిఅంచు గారు చెప్పినట్టు పట్టాతోనే మొదలుపెట్టండి.