షుగరుకు ఒకరు, గుండెకు ఒకరు, కొలెస్ట్రాల్‌కు ఇంకొకరు: ఇంతమంది డాక్టర్లు అవసరమా?

తెనాలి అబ్బాయి:
నాన్నగారికి 63 ఏళ్లు, షుగరు వచ్చి 14 ఏళ్లు. పోయిన ఏడాది గుండెకు స్టెంటు వేశారు. అంతవరకు మా ఊళ్లోని ఎం.డి. డాక్టరుగారే అన్నీ చూసేవారు. ఇప్పుడు గుంటూరులో గుండె డాక్టరు, విజయవాడలో షుగరు డాక్టరు. అది చాలదన్నట్టు కొలెస్ట్రాల్‌కు విడిగా క్లినిక్ ఉందని తమ్ముడు హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాడు. మూడు ఫైళ్లు, మూడు తేదీలు, మూడుసార్లు రక్తపరీక్ష. మొన్న నాన్నగారు విసుగెత్తి, "ఈ ఒంటికి నేనొక్కడినే సొంతదారుణ్ని అనుకున్నాను, ఇన్ని వాటాలున్నాయని తెలియదు" అన్నారు. పాత డాక్టరుగారి దగ్గరికే తిరిగి వెళ్దామని నా ఉద్దేశం. తమ్ముడు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

బైపాస్ బాబాయ్:
వెళ్లకండి. మా ఊళ్లోనూ మంచి డాక్టరే ఉండేవారు, హస్తవాసి గలవారని పేరు. నా షుగరుకు పదకొండేళ్లు ఒకే బిళ్ల రాశారు. రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 98 పక్కన నార్మల్ అని అచ్చయి ఉండేది, ఇద్దరం సంతోషించేవాళ్లం. ఆ నార్మల్ షుగరు లేనివాళ్లదని బైపాస్ అయ్యాక గుండె డాక్టరు చెప్పారు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం షుగరు ఉన్నవారికి 70 లోపు, గుండెజబ్బు కూడా ఉంటే 55 లోపు ఉండాలి. మీ నాన్నగారిది ఎంత ఉందో చూశారా? మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమోనని ఆ పదకొండేళ్లలో ఒక్కసారీ పరీక్ష చేయించలేదు. ఎండోక్రైనాలజిస్టు, అంటే షుగరు, హార్మోన్ల డాక్టరు, మొదటి రోజే రాశారు.

చిన్న ఊరి డాక్టర్:
బాబాయ్ గారూ, మీ కోపం న్యాయమే. కానీ తప్పు ఎం.డి. చదువుది కాదు, చదవడం మానేసిన డాక్టరుది. మూత్రంలో అల్బుమిన్, కంటి వెనుక పొర, పాదాల స్పర్శ ఏడాదికొకసారి చూడాలని గుర్తుంచుకోవడానికి నగరంలోనే ఉండనక్కరలేదు.

ఇంకో సంగతి. బోర్డు మీద షుగరు స్పెషలిస్ట్ అని ఉన్నవారంతా ఒకటి కాదు. ఎం.డి. తరువాత మరో మూడేళ్లు చదివి ఎండోక్రైనాలజీలో డి.ఎం. చేసినవారు వేరు, సర్టిఫికెట్ కోర్సు చేసి బోర్డు మార్చినవారు వేరు. నేనూ ఆ కోర్సు చేశాను, బోర్డు మాత్రం మార్చలేదు. కొలెస్ట్రాల్‌కు విడిగా డాక్టరు ఎప్పుడు కావాలంటారా? ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు ఉంటే. రక్తంలోని మరో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు వేలల్లోకి వెళ్లి క్లోమం వాస్తే. మందులు పెంచినా అంకె దిగకపోతే. మిగతావారికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రాయడానికి, డోసు పెంచడానికి నాలాంటివాడు చాలు.

సందేహాల సుబ్బడు:
స్టాటిన్ షుగరును పెంచుతుందట కదా? ఒక డాక్టరు షుగరు తగ్గించే మందు ఇస్తే ఇంకొకరు పెంచే మందు ఇస్తారా? ఇదెక్కడి న్యాయం? మా అన్నయ్య మానేశాడు, హాయిగా ఉన్నాడు.

చిన్న ఊరి డాక్టర్:
పెంచే మాట నిజమే, ఎంత అన్నదే ప్రశ్న. 13 పరిశోధనల్లోని 91 వేల మంది వివరాలను కలిపి 2010లో లెక్క కట్టారు. 255 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా ఒకరికి షుగరు వచ్చింది. తెనాలి పెద్దాయనకు కొత్తగా రావలసింది లేదు. అంకె కాస్త పెరిగితే షుగరు మందు సర్దుతాం. మీ అన్నయ్యగారికి గుండెజబ్బు ఉంటే మాత్రం ఆ హాయిని నమ్ముకోవద్దని చెప్పండి, డాక్టరుతో మాట్లాడమనండి.

ఓరుగల్లు కోడలు:
నేను ఫార్మసీ చదివాను. నా ఓటు ఒక్క డాక్టరుకే. షుగరును మాత్రమే చూస్తే ఏమవుతుందో షుగరు మందు రోసిగ్లిటజోన్‌తో తెలిసింది. రక్తంలో చక్కెరను బాగానే దించేది. గుండెపోట్లు పెంచుతోందన్న లెక్క 2007లో వచ్చింది, 2010లో మన దేశంలో నిషేధించారు. ఆ గొడవ వల్లే, షుగరు మందు గుండెకు చేటు చేయదని కూడా చూపించాలని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ కంపెనీలను అడిగింది. అలా చూపించబోతే, గుండెజబ్బు ఉన్న షుగరు రోగుల్లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందు గుండె మరణాలను 38 శాతం తగ్గించిందని 2015లో తేలింది. ఇప్పుడు ఆ మందును గుండె డాక్టర్లూ రాస్తున్నారు, షుగరు డాక్టర్లూ రాస్తున్నారు. ఒకరు రాసినట్టు ఇంకొకరికి తెలుస్తోందా?

కౌంటర్ వెనుక:
తెలియడం లేదమ్మా. కిందటి నెల ఒక పెద్దావిడ రెండు చీటీలు తెచ్చారు. గుండె డాక్టరు అదే కోవకు చెందిన డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. షుగరు డాక్టరు రాసిన మెట్‌ఫార్మిన్ బిళ్లలోనూ అదే కలిసి ఉంది. కంపెనీ పేర్లు వేరు, రంగులు వేరు. నెలన్నరగా రెండూ వేసుకుంటున్నారట. కళ్లు తిరుగుతున్నాయని నన్ను అల్లం మురబ్బా అడిగారు!

డాక్టర్లు ఎందరైనా ఉండనివ్వండి, చీటీలన్నీ ఒకచోట పరిచి చూసే మనిషి ఒకరు ఉండాలి. తెనాలి అబ్బాయి గారూ, స్టెంటు తరువాత ఇచ్చే కాప్సూల్‌లో చాలాసార్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో పాటు అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ కూడా ఉంటుంది. హైదరాబాద్‌లో ఏం రాశారో ఒకసారి చూడండి.

బైపాస్ బాబాయ్:
ఆ చూసే మనిషి మాకు ఎండోక్రైనాలజిస్టే. ఊరి డాక్టరు దగ్గరికి మాత్రం నేను వెళ్లను. పాలకు నోరు కాలి మజ్జిగ ఊదుకుంటున్నానని మీరనుకున్నా సరే.

తెనాలి అబ్బాయి:
ఇప్పుడే నాన్నగారి మందుల డబ్బా మంచం మీద బోర్లించాను. గుంటూరు కాప్సూల్‌లో అటోర్వాస్టాటిన్ 20 ఉంది. హైదరాబాద్ చీటీలో వేరే పేరుతో అటోర్వాస్టాటిన్ 40. ఆరు వారాలుగా భోజనం చేశాక ఒకటి, పడుకునే ముందు ఇంకొకటి. ఈ మధ్య పిక్కలు లాగుతున్నాయంటే నడక ఎక్కువైందని, తగ్గించమని చెప్పింది నేనే.

చిన్న ఊరి డాక్టర్:
మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ముఖ్యంగా ఆ కాప్సూల్. స్టెంటు మూసుకుపోకుండా కాపాడే మందులు అందులోనే ఉన్నాయి. ఈ రాత్రి రెండో స్టాటిన్ వేయకముందే గుండె డాక్టరు ఆసుపత్రికి ఫోన్ చేసి రెండు చీటీలూ చదివి వినిపించండి. పిక్కల సంగతి కూడా చెప్పండి. మూత్రం ముదురు రంగులో వస్తుంటే ఫోన్ కాదు, నేరుగా వెళ్లండి.

తెనాలి అబ్బాయి:
రంగు మామూలుగానే ఉందట. ఫోన్ చేశాను, డ్యూటీ డాక్టరు ఈ రాత్రికి 40 బిళ్ల ఆపి ఉదయం రమ్మన్నారు. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. నాన్నగారు పక్కనే కూర్చుని ఇవన్నీ చదివించుకుని, "అయితే ఆ కౌంటరాయనకు ఫీజు ఎంత ఇవ్వాలో అడుగు" అంటున్నారు.