ఫోన్ చేసినవాళ్లు వద్దన్నా 108కి చెప్పొచ్చా?

రాత్రిడ్యూటీ_హన్మకొండ: చనిపోవాలనిపించేవాళ్లు ఫోన్ చేసే ఒక హెల్ప్‌లైన్‌లో నాలుగేళ్లుగా వాలంటీర్‌ని. చేసినవాళ్లు ఒప్పుకోకుండా ఎవరికీ ఏమీ చెప్పొద్దని మా రూల్. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రాత్రి ఒక పిల్లాడు చేశాడు. ఏదో మింగాడట, ఇప్పుడు బాగానే ఉన్నానంటాడు, ఎక్కడున్నాడో చెప్పడు. వెనకాల "పరకాల, భూపాలపల్లి వెళ్లు బస్సు" అని మైకులో వినపడుతోంది. హన్మకొండ బస్టాండ్ అని నాకు అర్థమైంది. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే రూల్ రూలే అన్నారు. మీరైతే ఏం చేస్తారు?

పరకాల_శ్రీను: రూల్ కరెక్టే. మా చెల్లె విషయంలో ఎవరో మంచి చేద్దామని చెప్తే ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. వాడకట్టంతా చూసింది. కుదిరిన సంబంధం పోయింది. ఆరోజు నుంచి అది మనసులో మాట మాకు కూడా చెప్పదు.

కాజీపేట_వకీల్: కేసు భయం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

పరకాల_శ్రీను: కేసు అన్నానా నేను? జీపు అన్నా.

కాజీపేట_వకీల్: 108కి చెప్తే జీపు ఎందుకొస్తుంది?

పరకాల_శ్రీను: ఆస్పత్రికి పోయాక మెడికో లీగల్ రాస్తారు, పోలీసులకు కబురు పోతుంది. ఊర్లో ఉండి చూడండి సార్, సెక్షన్లు ఎవరు చదువుతారు?

మమత_సిస్టర్: ఎమర్జెన్సీ వార్డులో చేసినదాన్ని. "బాగానే ఉన్నా" అనే మాట అస్సలు నమ్మొద్దు. నవ్వుతూ మాట్లాడిన పిల్లలకే లోపల కిడ్నీలు, లివర్ దెబ్బతింటుంటాయి. వెంటనే తీసుకురండి, మిగతావి తర్వాత.

పాత_కోఆర్డినేటర్: రూల్ ఊరికే పెట్టలేదు. 1953లో లండన్‌లో చాద్ వరా అనే మతగురువు ఫోన్ సేవ మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ పని గుట్టు మీదే నడుస్తోంది. గుట్టు పోతే ఫోన్లే రావు. కాకపోతే "ఎవరికీ చెప్పం" అని మొత్తంగా మాట ఇవ్వడం తప్పు, ప్రాణం మీదికొస్తే చెప్తామని ముందే అనాలి. ఒక్కరే మోయలేకపోతే 14416 టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు...

రాత్రిడ్యూటీ_హన్మకొండ: సార్, ఈ చరిత్ర నాకెందుకు? ఆ రాత్రి రెండింటికి గదిలో నేనొక్కదాన్నే. నిద్రలో ఫోన్ ఎత్తినాయన రూల్ చెప్పి పెట్టేశారు. పొద్దున రిజిస్టర్‌లో "41 నిమిషాలు, కాల్ పూర్తి" అని రాయించారు. ఏం పూర్తి? పిల్లాడు ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. టీ తాగినవా అని కూడా నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు బస్టాండ్ ముందు నుంచి పోవాలంటే ఆటోవాణ్ణి వేరే దారిలో పొమ్మంటున్నా. నా గొడవ రూల్‌తో కాదు. రూల్ పెట్టినవాళ్లు ఆ కుర్చీలో కూర్చోరు.

పాత_కోఆర్డినేటర్: అమ్మా, నేను కూడా అట్లా ఫోన్ పెట్టేసినవాణ్ణే. ఆరేళ్లు నడిపాను. వాలంటీర్లు ఎందుకు మానేస్తున్నారని మీటింగులు పెట్టాను గానీ, పొద్దున ఆరింటికి వాళ్లు బయటికొచ్చేటప్పుడు ఒక్కనాడూ వెళ్లి నిలబడలేదు.

పరకాల_శ్రీను: అక్కా, మామూలు బట్టల్లో ఒక్క మనిషిని పంపి ఉంటే నేను కూడా వద్దననుగా.

రాత్రిడ్యూటీ_హన్మకొండ: ఆ బస్టాండ్ మా ఆఫీసుకు పది నిమిషాల నడక, అన్నా.