టీలో కొలాజెన్ పొడి కలపవచ్చా?

బొబ్బిలి వీణ: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. తెలిసినవారు కొలాజెన్ పెప్టైడ్ పొడి డబ్బా ఇచ్చి, రోజూ ఉదయం ఒక చెంచా కలిపి తాగమన్నారు. మంచినీళ్లలో వాసన వస్తోందని ఆవిడ ముట్టడం లేదు. వేడి టీలో కలిపితే గుణం పోతుందా? రక్తహీనతకు ఐరన్ మాత్ర కూడా వాడుతున్నారు.

నాగావళి గట్టు: టీలో వద్దమ్మా. ప్రోటీన్ వేడికి పాడవుతుంది. గుడ్డు ఉడికిస్తే గట్టిపడటం చూస్తూనే ఉంటాం కదా! పైగా టీలోని వగరు ప్రోటీన్‌ను పట్టేస్తుంది. చల్లని మజ్జిగలో ఇవ్వండి.

కెమిస్ట్రీ మాస్టారు: గట్టు గారూ, గుడ్డు ఉదాహరణ ఇక్కడ కుదరదు. గుడ్డులోని ప్రోటీన్ ముడుచుకుని ఉంటుంది, వేడికి విప్పుకుని ఒకదానికొకటి చిక్కుపడి గట్టిపడుతుంది. కొలాజెన్ పొడి అలా కాదు. పశువుల తోలు, ఎముకలు, చేప చర్మం నుంచి తీసి, ఎంజైములతో ముందే చిన్న ముక్కలు చేస్తారు, వాటినే పెప్టైడ్లు అంటారు. కప్పు టీ వేడికి ఆ ముక్కలు ఇంకా తెగవు. వేడితో ఆ బంధాలు విడగొట్టాలంటే తీక్షణమైన ఆమ్లంలో గంటల తరబడి మరిగించాలి. ఒక కప్పు టీ వగరుకు పొడి అంతా వృథా కాదు. జాగ్రత్తపడవలసింది ఐరన్ మాత్ర విషయంలో. టీకి వగరునిచ్చే టానిన్లు, పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట, రెండు గంటలు ఎడం ఉండాలి.

పైడితల్లి ఆడపడుచు: ఆవిడ శాకాహారి అయితే ముందు డబ్బా మీద గుర్తు చూడండి. కొలాజెన్ జంతువుల నుంచే వస్తుంది.

నాగావళి గట్టు: మాస్టారూ, పుస్తకం వేరు, అనుభవం వేరు. మా చెల్లెలు టీలో కలుపుకుని తాగింది, ఏమీ తగ్గలేదు. పక్కింటావిడ మజ్జిగలో తాగారు, ఇప్పుడు మెట్లెక్కుతున్నారు. దీనికేమంటారు?

కెమిస్ట్రీ మాస్టారు: ఇద్దరి మోకాళ్లూ ఒకటి కావు అంటాను. పెప్టైడ్లన్నీ కూడా ఒకటి కావు. మధుమేహానికి ఇచ్చే సెమాగ్లూటైడ్ మాత్ర కూడా పెప్టైడే. దాన్ని పరగడుపున, 120 మిల్లీలీటర్లకు మించని మంచినీళ్లతో మింగాలి. తర్వాత అరగంట దాకా టీ కూడా తాగకూడదు. అది మందు, ఇది ఆహారపు పొడి.

నాగావళి గట్టు: చూశారా, చివరికి మీరూ టీ వద్దనే అంటున్నారు!

కవిటి కొబ్బరితోట: ఇంతసేపూ వేడి, వగరు, మజ్జిగ! కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ ఆవిడకు ఎంత ఉందో ఒక్కరైనా అడిగారా? మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. నాన్నగారు నీరసంగా ఉందంటే ఒకతను ప్రోటీన్ పొడి అంటగట్టాడు. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయని ఎవరికీ తెలియదు. సాయంత్రానికి చెప్పుల పట్టీ అచ్చు పాదం మీద లోతుగా పడి ఉండేది. ఎండలో నడిచారు కాబట్టి అనుకున్నాం. ఇప్పుడు డయాలసిస్. పొడి వల్లే జబ్బు వచ్చిందని అనను. కానీ డాక్టరు మొట్టమొదట మాన్పించింది ఆ పొడినే.

నాగావళి గట్టు: మీ నాన్నగారి సంగతి విని బాధ కలిగింది. కానీ ఆవిడది బొబ్బిలి, ఉద్దానం కాదు. అందరినీ భయపెట్టడం దేనికి? నేను ఎందరికో ఇచ్చాను, ఎవరికీ ఏమీ కాలేదు.

కవిటి కొబ్బరితోట: ఇచ్చానంటే? మీరు అమ్ముతారా?

నాగావళి గట్టు: అమ్ముతాను. తప్పా? మా అమ్మాయి కాలేజీ ఫీజు దీనితోనే కడుతున్నాను. టీలో కలిపి తాగి, ఫలితం లేదని డబ్బా తిరిగి ఇచ్చేవారున్నారు. అందుకే మజ్జిగ అంటాను. ఎవరినీ మోసం చేయలేదు.

కవిటి కొబ్బరితోట: మోసమని నేనన్నానా? కిడ్నీ పరీక్ష చేయించారా అని కొనేవారిని ఎప్పుడైనా అడిగారా?

నాగావళి గట్టు: అది డాక్టరు పని. నేను అడగడం మొదలుపెడితే ఎవరు కొంటారు?

కవిటి కొబ్బరితోట: కొనకపోతే మానేస్తారు. మా ఊళ్లో పొడి ఇచ్చేవాడు ఇంటికి వచ్చాడు, డాక్టరు రాలేదు. గుమ్మంలోకి వచ్చినవాడే అడగాలి.

కెమిస్ట్రీ మాస్టారు: ఈ విషయంలో నేను కవిటి వారి పక్షమే. మరో సంగతి. కొలాజెన్‌లోని హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా, అంటే కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే పదార్థంగా మారుతుంది. టీలోనూ ఆక్సలేట్ ఉంది. అమెరికాలోని ఆర్కన్సాస్‌లో ఒకాయన రోజుకు 16 గ్లాసుల ఐస్ టీ తాగి, ఆక్సలేట్ పేరుకుని కిడ్నీలు పాడుచేసుకున్న ఉదంతం 2015లో వైద్య పత్రికలో వచ్చింది. కప్పు టీకి అంత భయం అక్కరలేదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ రెండూ కలిపి తాగకూడదు.

నాగావళి గట్టు: రాళ్లున్నాయేమో అడుగుతాను, సరే. రక్తపరీక్ష కాగితం తెమ్మని మాత్రం అడగలేను.

బొబ్బిలి వీణ: అత్తగారికి పదేళ్లుగా రక్తపోటు ఉంది, మొదట రాయలేదు. పొడి ఆపేశాను. పరీక్షకు పరగడుపున వెళ్లాలా?

కెమిస్ట్రీ మాస్టారు: క్రియాటినిన్‌కు అక్కరలేదు. ముందురోజు రాత్రి మాంసం పెట్టకండి, అంకె పెరిగి కనిపించవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష కూడా అడిగి చేయించండి. రక్తపోటు ఉన్నవారికి అది తప్పనిసరి.