ఊరిన బ్రాందీనా, మాగిన బ్రాందీనా?

ప్రశ్న:
గ్రూపులో అందరికీ నమస్కారం. ఫ్రాన్సులో ఆర్మన్యాక్ అనే బ్రాందీ అమ్మే ఒక కుటుంబం గురించి వ్యాసం రాస్తున్నాను. దారోజ్ అని, నైరుతి ఫ్రాన్సులో లాండ్ ప్రాంతం వాళ్లు, ఊరి పేరు రోక్‌ఫోర్. (చీజుకి పేరుబడ్డ రోక్‌ఫోర్ ఇది కాదు, అది అవేరోన్‌లో ఉంది.) ‘ఏజ్డ్ స్పిరిట్స్’ (ఏళ్లతరబడి ఉంచిన మందు) అన్నచోట కలం ఆగిపోయింది. ఫోన్లో అనువాదం కొడితే ‘వృద్ధ ఆత్మలు’ అని వచ్చింది! ‘పరిపక్వ మద్యం’ అంటే ఎక్సైజు వాళ్ల నోటీసులా ఉంది. ‘ఊరిన బ్రాందీ’ అనొచ్చా?

జవాబు:
ఇంత టెన్షన్ ఎందుకండీ? ‘పాత బ్రాందీ’ అంటే సరిపోదా? పాత బియ్యం, పాత బెల్లం అంటాం కదా. కొన్నిటికి పాత అనడమే మర్యాద.

జవాబు:
బియ్యానికి సరే. మా గోదావరి వైపు బ్రాందీ షాపు అంటే మందు షాపు అని అర్థం, అందులో బ్రాందీ ఉండితీరాలని లేదు. ‘పాత బ్రాందీ’ అని రాస్తే చదివేవాళ్లు అమ్ముడుపోని స్టాకు అనుకుంటారు.

జవాబు:
మేడమ్ గారూ, మాట వెతికేముందు ఆ పీపాలో ఏం జరుగుతుందో చూద్దాం. మీరు ఒక్క మాట అడుగుతున్నారు గానీ, బట్టీ దిగాక జరిగే పనులు మూడు. మూడింటికీ మనకి విడివిడిగా మాటలున్నాయి.

ముందు ద్రాక్ష. ఉన్యి బ్లాన్, బాకో, ఫోల్ బ్లాంష్, కొలొంబార్ అని నాలుగు రకాలు ఎక్కువగా వాడతారు. రసం పులుస్తుంది, పల్చటి పుల్లటి వైన్ అవుతుంది. ఇది ‘పులియడం’, ఇందులో పేచీ లేదు. తర్వాత దాన్ని రాగి బట్టీలో కాస్తారు. ఫ్రాన్సులోదే ఇంకో బ్రాందీ, కోన్యాక్‌ని రెండుసార్లు కాచి, ఆల్కహాల్ 70 శాతం దాటించి దించుతారు. ఆర్మన్యాక్‌ని మామూలుగా ఒక్క వాయిలోనే, చాలామంది 52 నుంచి 60 శాతం మధ్య దించుతారు. అందుకే అందులో ద్రాక్ష గుణం, కాస్త మొరటుదనం కూడా మిగులుతాయి. సొంత బట్టీ లేని రైతుల ఇళ్లకి బండిమీద బట్టీని తీసుకొచ్చి కాచి ఇచ్చే ఆనవాయితీ అక్కడ ఇంకా ఉంది. బ్రాందీ అన్న పేరు కూడా డచ్చివాళ్ల ‘కాల్చిన వైన్’ నుంచి వచ్చిందే. మనవాళ్లు సారా కాస్తారు, వాళ్లు వైన్ కాల్చారు, పొయ్యి మాత్రం తప్పలేదు.

బట్టీ దిగినప్పుడు సరుకు నీళ్లలా తెల్లగా ఉంటుంది. దాన్ని కొత్త ఓక్ పీపాలో పోస్తారు, సుమారు 400 లీటర్లది. మీరన్న ‘ఊరడం’ ఇక్కడ నూటికి నూరుపాళ్లు ఒప్పుతుంది. ఊరు అన్న క్రియ రెండు వైపులా పనిచేస్తుంది చూడండి: ఉసిరికాయ ఉప్పులో ఊరుతుంది, చెలమలో నీళ్లూ ఊరుతాయి. పీపా చెక్క సారాలో నానుతూ తనలోని రంగునీ వగరునీ దాంట్లోకి ఊరుస్తుంది. కానీ ఇది మొదటి దశ మాత్రమే. కొత్త పీపాలో మరీ ఎక్కువకాలం ఉంచితే తాగేవాడికి చెక్క నమిలినట్టుంటుంది. అందుకని నేలమాళిగ చూసుకునేవాళ్లు రుచి చూస్తూ, సమయం వచ్చాక దాన్ని పాత పీపాలకి మారుస్తారు.

పాత పీపాలో చెక్క ఇచ్చేది పెద్దగా ఉండదు. చెక్క సందుల్లోంచి గాలి ఆడుతుంది, కొంత ఆవిరై పోతుంది, వగరు విరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండుపళ్ల వాసన, ఆపైన అక్రోటు వాసన వస్తాయి. బయటి సరుకు కలవకుండా, ఉన్నదే నిదానంగా మారడం ఇది. దీనికి మన మాట ‘మాగడం’. గడ్డిలో పెట్టిన మామిడికాయకి మనం వాడే క్రియే.

మూడోది ‘నిలవ’. గాజులోకి పోశాక ఇక మార్పంటూ పెద్దగా ఉండదు. సీసా అయినా సరే, మరీ పాతబడిన సరుకుని చెక్కనుంచి తప్పించడానికి పోసే పెద్ద గాజుబుడ్డి అయినా సరే. ‘పాత’ అన్న మాటతో నాకున్న ఇబ్బంది ఇదే. పీపాలో ఇరవై ఏళ్లుండి, సీసాలో ఇంకో ఇరవై ఏళ్లున్న బ్రాందీ నలభై ఏళ్ల పాతది, కానీ మాగింది ఇరవై ఏళ్లే.

దారోజ్ వాళ్లు ఈ తేడాని లేబుల్ మీదే చూపిస్తారు. 1970లలో ఫ్రాన్సిస్ దారోజ్ బా-ఆర్మన్యాక్ (ఆర్మన్యాక్ తయారయ్యే సీమలో ఒక భాగం) రైతుల కొట్లు తిరిగి పీపాలు కొన్నాడు. ఒక తోట సరుకుని ఇంకో తోట సరుకుతో కలపకుండా తోట పేరుతోనే అమ్మడం ఆయన పెట్టిన పద్ధతి. ఇప్పుడు కొడుకు మార్క్ చూసుకుంటున్నాడు. (లండన్‌లో, పారిస్‌లో రెస్టారెంట్లున్న వంటమాస్టరు ఎలెన్ దారోజ్ ఫ్రాన్సిస్ గారి కూతురే.) వాళ్ల ఒంటి తోట సీసాల మీద తోట పేరు, పంట ఏడు, సీసాకెత్తిన తేదీ మూడూ ఉంటాయి. నన్నడిగితే ఆ మూడో వివరం లేని లేబుల్‌లో పంట ఏడు సగం మాటే. ఈ సీసాల్లో నీళ్లు కలిపి ఘాటు తగ్గించరు, పీపాలో తగ్గినంతే. చట్టం ప్రకారం పంట ఏడు వేసి అమ్మే ఆర్మన్యాక్ కనీసం పదేళ్లు మాగి ఉండాలి.

జవాబు:
ఆయుర్వేదంలో ‘సంధానం’ ఉందిగా? ద్రాక్షారిష్టాన్ని రోజుల తరబడి మూతపెట్టి ఉంచుతారు. శాస్త్రీయమైన మాట ఉండగా పచ్చళ్ల భాష ఎందుకు?

జవాబు:
గురువుగారూ, సంధానం పులియబెట్టే పని, మీరే అన్నట్టు మూతపెట్టి ఉంచడమే. అరిష్టాన్ని బట్టీలో దించరు. అది బట్టీకి ముందు దశకి సరిపోతుంది. పచ్చళ్ల భాష అంటే నాకేం చిన్నతనం లేదు. మన కల్లు ఏ పూటకాపూట తాగేది, రెండోరోజుకి పుల్లబడిపోతుంది. నాటుసారానీ ఎవరూ దాచి పెంచలేదు. మందుని ఏళ్లతరబడి ఉంచే అలవాటే లేనప్పుడు దానికి ప్రత్యేకంగా మాట ఎక్కడినుంచి వస్తుంది? జాడీ దగ్గరికీ పండ్ల గడ్డి దగ్గరికీ వెళ్లాల్సిందే.

జవాబు:
మా పాలమూరు దిక్కు మామిడికాయలు గడ్డిల మాగవెడ్తం. బ్రాందీ మాగవెట్టిన్రు అంటే మావోళ్లు నవ్వుతరన్నా.

జవాబు:
నవ్వినా అర్థమవుతుంది కదన్నా. ‘పరిపక్వ మద్యం’ అంటే నవ్వూ రాదు, అర్థమూ కాదు.

జవాబు:
పీపాలోంచి ఆవిరై పోయేదాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారట. ‘గంధర్వుల వాటా’ అందామా? వేదాల్లో సోమానికి కాపలా వాళ్లే.

జవాబు:
కాపలావాడే తాగేశాడన్నమాట, బాగుంది! కానీ వ్యాసంలో దేవదూతల్నే ఉంచండి. ఆ మాట వాళ్లది, వాళ్ల నమ్మకంలోంచి వచ్చింది. ఏటా రెండు మూడు శాతం పోతుందంటారు, ఆ అంకె పక్కన వేస్తే చాలు.

ప్రశ్న అడిగినావిడ:
అందరికీ ధన్యవాదాలు. ఇలా రాశాను, చూసి చెప్పండి: “1985 పంట. కొత్త పీపాలో ఊరి, పాత పీపాల్లో మాగి, 2010 జనవరిలో సీసాకెక్కింది. పాతికేళ్లు మాగిన బ్రాందీ.”

జవాబు:
వాక్యం నడక బాగుందమ్మా. ‘సీసాకెక్కింది’ కంటే ‘సీసాకెత్తారు’ నయం, అది మనుషులు చేసిన పని. లెక్క మాత్రం సరిచూసుకోండి. పంట కోసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. కాచడం ఆ చలికాలంలో, మార్చి 31 లోపు ముగించాలి. అంటే పీపాలో పోసింది 1985 చివర్లోనో 1986 మొదట్లోనో అవుతుంది. 2010 జనవరికి ఇరవై నాలుగేళ్లు. ‘పాతికేళ్లు’ తీసేసి ‘ఇరవై నాలుగేళ్లు మాగిన’ అనే పెట్టండి.